గుండు తల, బోరు నీళ్లు, మే నెల ఎండ

యాదగిరిగుట్ట కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవారు, కురుమూర్తి జాతరలోనో చెర్వుగట్టులోనో మొక్కు తీర్చుకున్నవారు, తల్లిదండ్రుల కర్మలో గుండు చేయించుకున్నవారు కొన్ని నెలల్లో మళ్లీ మామూలు తలతో తిరుగుతారు. వీరు కాక, బట్టతల మొదలయ్యాక మిగిలిన జుట్టునూ తీసేసి వారానికి రెండు మూడు సార్లు నున్నగా గీసుకునేవారు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో చాలామందే ఉన్నారు. కీమోథెరపీలో జుట్టు పోగొట్టుకున్న స్త్రీపురుషులు ఇంకొందరు. కారణాలు వేరైనా ఒక అలవాటు మాత్రం అందరిలో ఉంటుంది. జుట్టు ఉన్నప్పుడు తలకు ఏమి చేసేవారో, అది పోయాక కూడా అదే చేస్తుంటారు. కొబ్బరినూనె రాస్తారు, ఒంటి సబ్బుతో నెత్తిని గట్టిగా రుద్దుతారు, మిట్టమధ్యాహ్నం ఎండలోకి అలాగే బయలుదేరతారు. మంట, పొట్టు, పొక్కులు, దురద వంటి బాధలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. గుండు చేయించుకున్న తలను ముఖానికి కొనసాగింపుగా చూడాలి. నుదుటికి పడనిది నెత్తికీ పడదు.

ఒంట్లో చమురు గ్రంథులు అత్యంత దట్టంగా ఉండేది ముఖం మీద, నెత్తి మీద. ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 400 నుంచి 900 వరకు ఉంటాయి. జుట్టు ఉన్నంతకాలం ఆ చమురు దీపపు వత్తి పీల్చినట్టు వెంట్రుకల వెంట పైకి పాకిపోతుంది. జుట్టు తీసేసినంత మాత్రాన గ్రంథులు పని మానవు. అదే చమురు ఇప్పుడు చర్మం మీదే నిలిచిపోతుంది. గుండు మెరవడానికి ఇదొక కారణం, నునుపైన ఉపరితలం మీద వెలుతురు పడటం మరొకటి. అది రోగం కాదు, మెత్తని బట్టతో అద్దుకుంటే చాలు. మెరుపు పోవాలని రోజుకు మూడు నాలుగు సార్లు సబ్బు పెట్టేవారికి మాత్రం చర్మం పొడిబారి, పగిలి, మండటం మొదలవుతుంది.

గుండు చేయిస్తే చుండ్రు పోతుందనే నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. చుండ్రుకు మూలం వెంట్రుకల్లో లేదు. దాదాపు అందరి చర్మం మీదా ఉండే మలసీజియా అనే ఈస్ట్ చమురును తిని బతుకుతుంది. అది వదిలే కొవ్వు ఆమ్లాలు కొందరి చర్మాన్ని రేపుతాయి, దాంతో పొట్టు రాలుతుంది. గుండు వల్ల పొట్టు పేరుకోదు, మందు నేరుగా చర్మానికి తగులుతుంది. అంతవరకే లాభం. పొట్టు కనబడగానే చర్మం ఎండిపోయిందనుకుని నూనె పట్టిస్తే ఆ ఈస్ట్‌కు మేత వేసినట్టే. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలు కూడా దానికి పనికొచ్చేవే. చుండ్రు ఉన్నవారు రెండు శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాల వరకు వాడితే సాధారణంగా అదుపులోకి వస్తుంది. నురగను మూడు నుంచి ఐదు నిమిషాలు నెత్తి మీద ఉంచాలి. ఈ నిమిషాలే అసలు వైద్యం. పట్టి ఉంచడానికి జుట్టు లేదు కనుక నురగ కిందికి జారిపోతుంది, అరచేత్తో మళ్లీ పైకి అద్దుతూ ఉండాలి.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఊళ్లు అనుభవించిన బాధ అటువంటిది. అయితే ఫ్లోరైడ్ హాని చేసేది తాగే నీటితో, వంట నీటితో లోపలికి పోయినప్పుడు. స్నానం చేసేటప్పుడు చర్మం గుండా ఒంట్లోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి బట్టతలకు ఫ్లోరైడ్ నీళ్లే కారణమని బోరును నిందించడం సరికాదు. మగవారి బట్టతలలో అధిక భాగం వంశపారంపర్యంగా, హార్మోన్ ప్రభావంతో వచ్చేదే. నెత్తి చర్మానికి నిజంగా ఇబ్బంది తెచ్చేది నీటి కాఠిన్యం. గ్రానైట్, నైస్ రాళ్ల పగుళ్లలో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు అనుమతి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టడం, సబ్బు ఎంత రుద్దినా నురగ రాకపోవడం, పప్పు ఉడకకపోవడం, ఇవన్నీ కాఠిన్యానికి ఇంట్లో కనిపించే గుర్తులు.

ఇటువంటి నీటిలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి కరగని జిడ్డు తెట్టుగా మారుతుంది. ఒంటి మీద అది అంతగా తెలియదు కానీ గీసిన నెత్తి మీద రంధ్రాల నోళ్ల దగ్గర అతుక్కుపోతుంది. కడిగినా పోదు. పైగా సబ్బు క్షార స్వభావం కలది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తొమ్మిది నుంచి పది దాకా ఉంటుంది. చర్మం పైపొర మాత్రం అయిదున్నర దగ్గర, కొంచెం ఆమ్లంగా ఉంటేనే తనను తాను కాపాడుకుంటుంది. తెట్టు, క్షారం రెండూ కలిసిన చోట స్నానం చేసిన గంటకే చర్మం బిగుసుకుపోయినట్టు, చీమలు పాకినట్టు అనిపిస్తుంది. ఆ బిగువును శుభ్రతకు గుర్తనుకుని మరింత రుద్దేవారున్నారు.

దీనికి మార్గం ఖరీదైనదేమీ కాదు. సబ్బు గుణం లేని సిండెట్ బార్ గానీ, సువాసన తక్కువగా ఉన్న మెత్తని ఫేస్ వాష్ గానీ, సాధారణ షాంపూ గానీ కఠిన జలంలో తెట్టు కట్టవు. రోజుకు ఒక్కసారి, అదీ సాయంత్రం, చెమట, దుమ్ము వదిలించడానికి వాడితే చాలు. ఉదయం ఒట్టి నీళ్లు సరిపోతాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో ఒంటికి బోరు నీళ్లు పోసుకున్నా, కడపటి రెండు చెంబులు నల్లా నీళ్లు నెత్తి మీద పోసుకోవడం మేలు. నదీ జలాలను శుద్ధి చేసి ఇచ్చే ఆ నీటిలో కాఠిన్యం సాధారణంగా బోరు నీటికంటే బాగా తక్కువ. నీళ్లలో పటిక తిప్పితే మెత్తబడతాయనుకోవడం పొరపాటు. పటిక మట్టిని అడుగుకు దించుతుంది, కాఠిన్యాన్ని తీయదు. సున్నంతో కలిపి పటిక వాడి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు కానీ అది తాగునీటి కోసం నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన వేరే ఏర్పాటు. మరిగిస్తే కాఠిన్యంలో బైకార్బనేట్ల భాగం మాత్రమే పోతుంది. బట్టల సోడా నీటిని మెత్తబరుస్తుంది నిజమే కానీ చర్మానికి ఏమాత్రం తగదు.

కుంకుడుకాయ గురించి ఒక మాట. అందులోని సాపోనిన్లు సబ్బులా తెట్టు కట్టవు, గుణం కూడా కొంచెం ఆమ్లమే, అందుకే బోరు నీళ్ల ఊళ్లలో అది తరతరాలుగా నిలిచింది. కానీ ఆ రసాన్ని వడగట్టి ఆపే జుట్టు ఇప్పుడు లేదు. చిక్కటి రసం నేరుగా చర్మాన్ని మండిస్తుంది, సూటిగా కళ్లలోకి దిగుతుంది. బాగా పలుచన చేసి వారానికి ఒకసారి వాడేవారిని మానమనడానికి కారణం లేదు. గీసిన రోజున మాత్రం వద్దు. శనగపిండితో రుద్దడం కూడా ఆ రోజున కూడదు, పిండి రవ్వలు కంటికి కనపడని గాట్లను పెద్దవి చేస్తాయి.

ఎండ అన్నిటికంటే పెద్ద విషయం. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన, మహబూబ్‌నగర్ కాస్త కింద ఉన్నాయి. అంటే మే మొదటి పది రోజుల్లో ఒకనాడు, ఆగస్టు మొదటి వారంలో మరొకనాడు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ వేళ ముఖం మీద పడే కిరణాలు ఏటవాలుగా పడతాయి. నెత్తి మీద పడేవి నిట్టనిలువుగా, పూర్తి బలంతో పడతాయి. బడి సెలవులు కూడా ఏప్రిల్ చివర నుంచే కనుక పిల్లల పుట్టువెంట్రుకలు, కుటుంబాల మొక్కులు ఎక్కువగా పెట్టుకునేదీ అప్పుడే. ఏళ్ల తరబడి జుట్టు నీడలో ఉండి రంగు తగ్గిన చర్మాన్ని సంవత్సరంలోకెల్లా తీవ్రమైన ఎండకు ఒక్కసారిగా బయటపెట్టడం జరుగుతోంది.

నల్లని చర్మానికి ఎండ ఏమీ చేయదనే ధీమా సగమే నిజం. చర్మంలోని మెలనిన్ వల్ల మనవారిలో ఎండ కారణంగా వచ్చే చర్మ క్యాన్సర్లు తెల్లవారిలో కంటే చాలా తక్కువ. కానీ కమిలిపోవడం తప్పదు. తెల్లవారికి ఎర్రబడినట్టు మనకు పైకి కనిపించదు, తాకితే వేడిగా, నొప్పిగా ఉంటుంది. ఆ బాధ ఎండలో ఉన్నప్పుడు కాక, 12 నుంచి 24 గంటల తర్వాత తారస్థాయికి చేరుతుంది. అందుకే చాలామంది దాన్ని కత్తి మంటగానో, వేడి చేయడంగానో పొరబడతారు. వారం రోజులకు పొట్టు లేస్తుంది, ఆ తర్వాత మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. బొల్లి మచ్చలు నెత్తి మీద ఉన్నవారికి మెలనిన్ రక్షణ కూడా ఉండదు, వారు ఒక్కరోజు కూడా అశ్రద్ధ చేయకూడదు.

ఎండలో అతినీలలోహిత కిరణాలది ఒక దెబ్బ, వేడిది మరొకటి. జుట్టు తలకు వేడి పుట్టిస్తుందని, తీసేస్తే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నీడలో అది నిజం. ఎండలో తలకిందులవుతుంది. విగ్గులు తొడిగిన వేడి బొమ్మ తలతో చేసి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జుట్టు లేని తలకే సూర్యుడి వేడి అత్యధికంగా చేరింది, దాన్ని చల్లార్చడానికి ఎక్కువ చెమట అవసరమయ్యేలా కనిపించింది. పత్తి చేలో, ఉపాధి హామీ పనుల్లో, ఇళ్ల స్లాబుల మీద పనిచేసేవారికి ఇది చర్మం సంగతి మాత్రమే కాదు, వడదెబ్బ సంగతి కూడా.

ఈ నేలకు దీనికి జవాబు పాతకాలం నుంచీ తెలుసు, రుమాలు చుట్టుకోవడం. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూనెతో, ఆముదపు కాయల బూడిదతో శుద్ధి చేసిన నూలుతో నేసే ఆ బట్టను అరబ్బు దేశాలవారు తలకు చుట్టుకోవడానికి కొనుక్కునేవారు. అంత ఖరీదైనది అవసరం లేదు, మామూలు నూలు తువ్వాలు చాలు. కానీ ఎన్ని మడతలు చుట్టామన్నది ముఖ్యం. పలుచని తెల్ల నూలు బట్ట ఒక్క పొర గుండా అతినీలలోహిత కిరణాల్లో ఐదో వంతో ఏడో వంతో లోపలికి వచ్చేస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. చల్లగా ఉంటుందని తువ్వాలు తడిపి ఒకే పొరగా కప్పుకునేవారికి వేడి తగ్గుతుంది కానీ కిరణాలు తగ్గవు. తడిపినా తప్పులేదు, మూడు నాలుగు మడతలు వేయాలి. ముదురు రంగు, దగ్గరి నేత ఉన్న బట్ట మరింత కాపాడుతుంది. టోపీ అయితే చుట్టూ అంచు ఉన్నది కావాలి, ముందు మాత్రమే అంచు ఉన్న టోపీ చెవులను, మెడ వెనుకను వదిలేస్తుంది.

బట్ట కట్టుకోలేని ఉద్యోగాల్లో ఉన్నవారికి సన్‌స్క్రీన్ మిగిలింది. ఎస్‌పీఎఫ్ అంటే అది ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె. అది 30 ఉన్నది చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఈ ఒక్క శాతం తేడా కోసం రెట్టింపు డబ్బు పెట్టడంకంటే 30నే సరైన మోతాదులో రాయడం తెలివైన పని. నెత్తికి, చెవులకు, మెడ వెనుకకు కలిపి అర టీస్పూను కావాలి. ఎక్కువమంది అందులో సగం కూడా రాయరు. బయలుదేరడానికి పావుగంట ముందు రాసి, ఆరుబయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి, చెమటతో కారిపోతే అంతకుముందే మళ్లీ రాయాలి. జెల్ రకాలు కళ్లలోకి తక్కువగా కారతాయి. కొబ్బరినూనె ఎండను ఆపుతుందనే ప్రచారాన్ని నమ్మి బయటికి వెళ్లకూడదు. అది దుమ్మును పట్టి ఉంచుతుంది, అంతకు మించి ఆధారపడదగిన రక్షణ ఇవ్వదు. ఆగస్టులో మబ్బు పట్టి ఉంటే ఎండ లేదనుకోవడమూ పొరపాటే. పలుచని మబ్బుల గుండా 80 శాతం వరకు కిరణాలు దిగుతాయి.

బైకు మీద తిరిగేవారికి హెల్మెట్ లోపలి స్పాంజి ఒక సమస్య. జుట్టు లేని చర్మానికి చెమట, పాత జిడ్డు నేరుగా తగిలి పొక్కులు వస్తాయి. లోపల పలుచని నూలు టోపీ పెట్టుకుని దాన్ని రోజూ ఉతుక్కోవాలి. ఇది చిన్న విషయమే కానీ రోజూ జరిగేది.

కత్తి దగ్గరికి వద్దాం. మంగలి షాపులో ఉస్తరాకు కొత్త సగం బ్లేడు మన కళ్లెదుట పెట్టించుకోవడం ఇప్పుడు చాలామందికి అలవాటైంది, సంతోషం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. యాంటీసెప్టిక్ నీళ్లలో ఒకసారి ముంచి తీయడం దాన్ని చంపడానికి సరిపోదు. బ్లేడు విషయంలో జాగ్రత్తపడేవారు కూడా పటిక దగ్గర మరచిపోతారు. పొద్దుటి నుంచి ఎందరి గాట్ల మీదో రుద్దిన అదే తడి పటిక బిళ్లను తమ నెత్తి మీదా రుద్దించుకుంటారు. పటిక రక్తం కారడాన్ని ఆపుతుంది, అది మంచి గుణమే. ఇంటి నుంచి సొంత ముక్క తీసుకెళ్తే ఏ చిక్కూ లేదు. నున్నగా ఉండాలని రోజూ నెత్తంతా పటిక పట్టిస్తే మాత్రం చర్మం ఎండిపోతుంది. చిన్న గాటుకు శుభ్రమైన బట్టతో ఐదు నిమిషాలు గట్టిగా ఒత్తిపట్టడమే తగిన వైద్యం. జాతర్లలో, గుడుల దగ్గర కూడా ఇదే పట్టుదల ఉండాలి. దైవకార్యం దగ్గర కొత్త బ్లేడు అడగడం అపచారం కాదు. గుండు అవగానే కోనేటిలో మునిగినవారు తర్వాత మంచినీళ్లతో నెత్తి కడుక్కోవాలి, గాట్లు ఎక్కువగా ఉంటే ఆ రోజుకు మునక మానడం మంచిది.

తర్వాత పూసే గంధం చల్లదనం ఇస్తుంది, ఆ సంప్రదాయాన్ని కాదనక్కర్లేదు. సాన మీద అరగదీసిన అసలు గంధమైతే ఇబ్బంది అరుదు. రంగు, సువాసన కలిపిన పొడులు కొందరికి దద్దుర్లు తెస్తాయి. పైగా గంధం పూత ఎండి పగుళ్లు బారుతుంది కనుక ఎండను ఆపే పొరగా దాన్ని లెక్కపెట్టకూడదు, పైన బట్ట కట్టాల్సిందే. రాత్రికి కడిగేయాలి.

ఇంట్లో గీసుకునేవారు గోరువెచ్చని నీళ్లతో మూడు నిమిషాలు నానబెట్టి, క్రీము రాసి, వెంట్రుక వాలు వెంట చిన్నచిన్న గీతల్లో గీస్తే సరిపోతుంది. సుడి దగ్గర వాలు గుండ్రంగా తిరుగుతుంది, గాట్లు పడేది అక్కడా, తల వెనుక ఎముక ఉబ్బు దగ్గరా. వెంట్రుక రోజుకు మూడో వంతు మిల్లీమీటరే పెరుగుతుంది కనుక రోజు విడిచి రోజు గీసుకున్నా నునుపు పోదు. పదేపదే గీస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనే ఆశతో గీసేవారికి నిరాశే. 1928లోనే అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారవని తేల్చారు. తెగిన మొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. గీసిన తర్వాత చర్మం తడి ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజరు పలుచగా రాయాలి. డిసెంబరు, జనవరి చలిలో పెట్రోలియం జెల్లీ అయినా చాలు.

పసిపిల్లల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించే ఇళ్లు ఎన్నో. మాడు చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర దాకా పూర్తిగా మూసుకోదు, అక్కడ కత్తి తేలికగా ఆడాలి, బిడ్డ కదలకుండా ఒకరు తల పట్టుకోవాలి. ట్రిమ్మరుతో తీయించడానికి ఆచారం అడ్డు రాని ఇళ్లలో అదే మేలు. ఆరు నెలల లోపు బిడ్డకు సన్‌స్క్రీన్ వద్దు, నీడ, నూలు టోపీ చాలు. కీమోథెరపీలో ఉన్నవారికి రక్తం గడ్డకట్టే శక్తి, రోగనిరోధక శక్తి రెండూ తగ్గి ఉంటాయి. వారు కత్తి జోలికి పోకుండా సొంత ట్రిమ్మరు వాడాలి.

డాక్టరును చూడాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెడ వెనుక జుట్టు అంచున గట్టి గుల్లలు లేచి, గీసిన ప్రతిసారీ పెద్దవవుతుంటే అక్కడ గీయడం వెంటనే ఆపాలి, లేకపోతే శాశ్వతమైన మచ్చగడ్డలుగా మారతాయి. నెల దాటినా మానని పుండు, గరుకుగా పొలుసుకట్టి పదేపదే రేగే మచ్చ చూపించుకోవాల్సినవే. పిల్లల నెత్తి మీద గుండ్రంగా పాకే తామరకు పైపూత చాలదు, కొన్ని వారాలపాటు నోటి మాత్రలు కావాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కనుక ప్రతిదానికీ హైదరాబాద్ బస్సు ఎక్కనక్కర్లేదు.

అయినా చాలామంది ముందుగా వెళ్లేది మందుల షాపుకే. అక్కడ దొరికే మూడు నాలుగు మందుల మిశ్రమం ట్యూబుల్లో తరచుగా క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల తామర మాత్రం పెరుగుతూ పోతుంది. చర్మం పలుచబడుతుంది, చీము పొక్కులు వస్తాయి. మందులకు లొంగని తామర దేశమంతా వ్యాపించడానికి ఈ ట్యూబుల విచ్చలవిడి వాడకం ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఇప్పటికే అటువంటివి వాడుతున్నవారు ఆసుపత్రికి ఆ ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లాలి. వాటి మీది పేర్లు చూస్తేనే ఏది స్టెరాయిడో డాక్టరుకు తెలుస్తుంది. నెలల తరబడి రాసినదాన్ని ఒక్కసారిగా మానితే మంట ముందటికంటే ఎక్కువగా తిరగబడవచ్చు, అందుకని ఎలా తగ్గించుకుంటూ రావాలో కూడా అక్కడే అడిగి తెలుసుకోవాలి.